డిలీట్ ఫర్ ఎవ్రీవన్: సింహాచలం గోడల నుంచి వాట్సప్ దాకా

ముందుగా ఓ చిన్న లెక్క. ఒక గంటా 8 నిమిషాలా 16 సెకన్లు. మొత్తం ఎన్ని సెకన్లు? 4096. అంటే రెండుని పన్నెండు సార్లు వేసి గుణిస్తే వచ్చేది. మన బాపతు జనానికి ఆ అంకె కనపడగానే పెదాల మీద ఓ చిన్న నవ్వు వస్తుంది, ఎవడో మనవాడే కూర్చుని ఈ గడువు పెట్టాడని :-)

పంపేసిన మెసేజిని అందరి ఫోన్లలోంచీ చెరిపేసుకోడానికి 2018 మార్చిలో వాట్సప్ ఇచ్చిన గడువు అది. 2017 చివర్లో ఈ సౌకర్యం మొదలుపెట్టినప్పుడు 7 నిమిషాలే ఉండేది. 2022 ఆగస్టులో దాన్ని రెండున్నర రోజుల దాకా సాగదీశారు.

2021లో ఓ రాత్రి ఆ 4096 సెకన్లు నన్ను కాపాడాయనే అనుకున్నాను. నాన్న స్టీలు ప్లాంటులో రిటైరయ్యి, సింహాచలం కొండ కింద అడవివరంలో ఒక్కరే ఉంటున్నారు. మా ఇల్లు పంచ గ్రామాల గొడవలో ఉంది. వైజాగ్ వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ మిగతావాళ్ళ కోసం చెప్తాను. అడవివరం, వెంకటాపురం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, ఈ అయిదు ఊళ్ళలో భూమి దేవస్థానానిదా, ఇళ్ళు కట్టుకుని ఉంటున్న వాళ్ళదా అన్న తగువు దశాబ్దాల నాటిది. నేనేమో హైదరాబాద్ వచ్చేయండని పోరు పెడుతున్నాను. ఆయన కదలరు. ఆ రోజు ఆఫీసులో ఓ రిలీజు తగలబడింది, ఇంటికొస్తే ఫోన్లో ఆయనతో ఇదే వాదన. ఫోన్ పెట్టేసాక కూడా కోపం చల్లారక ఓ మెసేజి కొట్టాను: "పట్టా లేని ఇంటికి కాపలా కాయడం తప్ప మీరు మాకోసం చేసిందేముంది?"

రెండు టిక్కులు పడ్డాయి. నీలం రంగులోకి మారలేదు. నలభై నిమిషాలు మంచం మీద అటూ ఇటూ దొర్లి, లేచి చూసాను. ఇంకా నీలం కాలేదు. డిలీట్ కొట్టాను. హమ్మయ్య అనుకుని పడుకున్నాను.

ఆ సంగతి చివర్లో చెప్తాను. ఈలోగా, పంపిన మాటని వెనక్కి తీసుకోవడం అనే ఈ ఆశ మనిషికి ఎప్పట్నుంచి ఉంది, ఏ కాలంలో ఎక్కడిదాకా కుదిరింది అని కాస్త చదువుకున్నాను. మొదలుపెట్టడానికి మా ఊరికన్నా మంచి చోటు దొరకలేదు.

సింహాచలం గుడి గోడల మీదా, స్తంభాల మీదా శాసనాలు వందల్లో ఉన్నాయి. అన్నిట్లోకీ పాతది కులోత్తుంగ చోళుడి కాలం నాటిది, 1098-99 ప్రాంతం. అదేమన్నా రాజుగారి దండయాత్ర గురించా అంటే కాదు, ఎవరో మామూలు మనిషి స్వామికి తోట ఇచ్చానని చెక్కించుకున్నాడు. ఆ తర్వాత తూర్పు గాంగులు, రెడ్లు, గజపతులు, విజయనగరం వాళ్ళు, ఇలా ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు రాయించుకుంటూ పోయారు. మన భాషలో చెప్పాలంటే అదో అపెండ్-ఓన్లీ లాగ్. కొత్త రాజు వస్తే కొత్త వరస చేరుతుందే గానీ పాత వరస పోదు.

శాసనం రాయించేవాడికి వెనక్కి తీసుకునే ఆలోచనే లేదు. పైపెచ్చు ఎవరూ వెనక్కి తీసుకోకుండా ఏం చెయ్యాలా అన్నదే బెంగ. అందుకే దాన శాసనాల చివర సాధారణంగా ఓ శాపం ఉంటుంది. తను ఇచ్చినదైనా సరే, ఇంకొకరు ఇచ్చినదైనా సరే, దానిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్ళు మలంలో పురుగై పుడతాడని. ఇక్కడ "తను ఇచ్చినదైనా సరే" అన్న ముక్కని గమనించండి. రాయించేవాడు తనని తనే కట్టేసుకుంటున్నాడు. రేపు నా బుద్ధి మారినా ఈ మాట మారకూడదు అంటున్నాడు. యాక్సెస్ కంట్రోల్ లేని రోజుల్లో శాపమే పర్మిషన్ బిట్టు. ఇప్పటికీ మనం "అదేమన్నా శిలాశాసనమా?" అంటాం, మార్చుకోవచ్చులే అని చెప్పడానికి. అంటే మార్చలేనిది అంటే ఏంటో మన భాషకి బాగానే గుర్తుంది.

చిన్నప్పుడు నాన్న గుడికి తీసుకెళ్ళినప్పుడల్లా "ఇదిగో, రాయలవారు రాయించింది" అని చూపించేవారు. నాకు ఒక్క అక్షరం అర్థమయ్యేది కాదు, ప్రసాదం పులిహోర మీదుండేది దృష్టి. పెద్దయ్యాక తెలిసింది ఆ శాసనం కథ. శ్రీకృష్ణదేవరాయలు గజపతి ప్రతాపరుద్రుడి మీద యుద్ధానికి వచ్చి, కొండవీడు, కొండపల్లి, రాజమహేంద్రవరం అన్నీ దాటుకుంటూ, 1516లో సింహాచలం వచ్చాడు. దేవేరులతో కలిసి స్వామికి నగలు సమర్పించి ఆ సంగతి చెక్కించాడు. 1519 నాటి శాసనం ఇంకోటుంది, అందులో ఊళ్ళు దానమిచ్చాడు. పక్కనే పొట్నూరులో జయస్తంభం కూడా నాటించాడు.

ఇక్కడో చిక్కుంది. సంధి కుదిరాక కృష్ణా నదికి ఉత్తరాన ఉన్న భూమంతా రాయలు తిరిగి గజపతికే ఇచ్చేసాడు. గజపతి కూతురు రాయలకి భార్య అయింది. అంటే సింహాచలం మళ్ళీ గజపతుల చేతికి వచ్చింది. ప్రతాపరుద్రుడు 1540 దాకా ఏలాడు. తనని ఓడించినవాడు వచ్చి వెళ్ళిన రాత తన రాజ్యంలో, తన పూర్వీకులు కొలిచిన దేవుడి గుళ్ళో, అందరికీ కనపడేలా ఉంది. ఓ ఉలీ సుత్తీ ఇచ్చి ఎవడినైనా పంపిస్తే గంటలో పోయేది. పోలేదు. అయిదొందల ఏళ్ళు దాటినా అది ఉంది. 'దక్షిణ భారత శాసనాలు' ఆరో సంపుటంలో అచ్చయ్యి కూడా ఉంది.

ఎందుకు చెరిపించలేదు? ఆయన మనసులో ఏముందో ఎవరూ రాసి పెట్టలేదు గానీ నాకు తోచింది చెప్తాను. ఆ మెసేజి రాయలది కాదు, గజపతిదీ కాదు. చేరాల్సినవాడికి చేరిపోయింది. అది స్వామి ఖాతాలో పడ్డ జమ. పంపినవాడికి దాన్ని చెరిపే హక్కు లేదు, పంపినవాడి శత్రువుకి అసలే లేదు. ఎవరికి అందిందో వాళ్ళదే ఆ మాట.

చెరిపినవాళ్ళు లేరా అంటే బోల్డుమంది ఉన్నారు. ఈజిప్టులో హత్షెప్సుత్ అని ఓ మహారాణి, ఫరోగా ఏలింది. ఆవిడ పోయాక మూడో థుత్మోస్ పాలన చివరి రోజుల్లో ఆవిడ పేర్లూ బొమ్మలూ ఉలితో చెక్కేయించారు. ఏమైంది? మూడు వేల ఏళ్ళకి పైగా గడిచాక పండితులు ఆ ఉలి గాట్ల అంచులు పట్టుకునే ఆవిడ పేరు చదివారు. చెరిపిన చోట గొయ్యి మిగిలింది. ఆ గొయ్యి "ఇక్కడ ఏదో ఉండేది, ఎవరికో ఇష్టం లేక తీసేసారు" అని చెప్తూనే ఉంది. మన ఫోన్లో "ఈ మెసేజి డిలీట్ చేయబడింది" అన్న బూడిద రంగు వాక్యం చేసే పని అదే కదా. నలుగురున్న గ్రూపులో ఆ వాక్యం కనపడితే మిగతా ముప్పై మెసేజిలు వదిలేసి అందరూ దాని గురించే ఆలోచిస్తారు.

రాళ్ళ సంగతి అలా ఉంచి ఉత్తరాల దగ్గరికొద్దాం. మన ఇళ్ళల్లో ఇన్లాండ్ లెటర్ల చివర ఓ మాట ఉండేది గుర్తుందా, "ఈ ఉత్తరం చదివిన వెంటనే చింపేయవలెను" అని? ఆడపడుచు మీద ఫిర్యాదో, డబ్బు అవసరమో, పెళ్ళి సంబంధం గురించి ఎవరో అన్న మాటో రాసి, కింద ఆ వాక్యం. డిలీట్ ఫర్ ఎవ్రీవన్ అంటే అదే! పంపినవాడు చింపలేడు, చింపమని అడగగలడు. చింపడం చింపకపోవడం అందుకున్నవాడి ఇష్టం. చింపలేదనడానికి సాక్ష్యం, అటక మీద ట్రంకుపెట్టెలో అలాంటి ఉత్తరాలు మనమంతా చదివి ఉండటమే. చావు కబురు ఉత్తరాన్ని మాత్రం ఎవరూ చెప్పకుండానే చింపేసేవారు, ఇంట్లో ఉంచకూడదని. అంటే చెరిపే హక్కు ఎప్పుడూ అందుకున్న చేతిదే.

మరి చట్టం ఏమంది? 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం తీసి 4, 5 సెక్షన్లు చదవండి. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ పాఠంలా ఉంటుంది. ఒకాయన ఇల్లు అమ్ముతానని ఇంకొకాయనకి ఉత్తరం రాసాడు. ఆయన సరే కొంటానని జవాబు పోస్టులో వేసాడు. జవాబు పోస్టులో పడ్డాక అమ్ముతానన్నవాడు వెనక్కి తగ్గడానికి లేదు. కొంటానన్నవాడికి మాత్రం ఇంకాస్త గడువుంది. తన ఉత్తరం అవతలివాడికి అందే లోపల, లేదా అందే క్షణానికైనా సరే, వద్దనుకున్నానని చెప్పేయొచ్చు. ఆ తర్వాత కుదరదు. ఎలా చెప్తాడు? ఉత్తరం కన్నా వేగంగా పోయేది అప్పటికి ఒకటే ఉంది, టెలిగ్రాం. ఉత్తరం రైల్లో పోతుంటే దాని వెనకాల తీగ మీద టెలిగ్రాం తరుముకుంటూ పోతుంది. ఏది ముందు చేరితే అదే చెల్లుతుంది. నూట యాభై ఏళ్ళ క్రితమే పార్లమెంటుకి ముందు కాలపు చట్టంలో రేస్ కండిషన్ రాసిపెట్టారన్నమాట! ఇంగ్లండులో 1818 నాటి ఒక తీర్పు ప్రకారం ఒప్పుకోలు ఉత్తరం పోస్టులో పడగానే బేరం కుదిరిపోయినట్టే. మన చట్టం ఒప్పుకున్నవాడికి ఒక అడుగు ఎక్కువ ఇచ్చింది. ఎంత ఎక్కువ ఇచ్చినా గీత మాత్రం ఒకచోటే ఉంది: అందే వరకే.

టెలిగ్రాం కూడా 2013 జూలైలో మన దేశంలో మూతపడింది. దాని బదులు వచ్చిన ఈమెయిలు ఇంకా కఠినం. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఎస్‌ఎమ్‌టీపీ ప్రోటోకాల్‌లో పంపే ఆదేశం ఉంది, ఎవరికో చెప్పే ఆదేశం ఉంది, ముగించే ఆదేశం ఉంది. వెనక్కి తీసుకునే ఆదేశం లేదు. అవతలి సర్వరు 250 అని జవాబిచ్చిందా, ఇక ఆ బరువు దానిది. ఆఫీసు మెయిల్లో రీకాల్ అని ఒకటి ఉంటుంది, ఒకే సంస్థ లోపల అయితే కొంత పని చేస్తుంది. నేను పనిచేసిన ఓ కంపెనీలో ఒకాయన జీతాల పట్టిక పొరపాటున అందరికీ పంపి, వెంటనే రీకాల్ కొట్టాడు. "ఫలానావారు ఈ మెయిలుని వెనక్కి తీసుకోవాలనుకుంటున్నారు" అని అందరికీ ఇంకో మెయిలు వచ్చింది. మొదటిది చూడనివాళ్ళు కూడా వెతికి మరీ చూసారు. 2009లో జీమెయిల్ ల్యాబ్స్‌లో 'అన్‌డూ సెండ్' వచ్చింది, 2015లో అధికారికంగా అందరికీ ఇచ్చారు. అది నిజంగా వెనక్కి తీసుకోవడం కాదు. సెండ్ నొక్కాక కొన్ని సెకన్లు మెయిలుని దగ్గరే పెట్టుకుంటుంది, అంతే. పోస్టు డబ్బా మూతి దగ్గర చెయ్యి ఆపి ఓసారి ఆలోచించుకోవడం లాంటిది. నా మటుకు నాకు అన్నిట్లోకీ నిజాయితీ గలది అదే.

2017లో మారింది ఇదీ: గీత అందడం దగ్గర్నుంచి జరిగి, చదవడం కూడా దాటిపోయింది. అవతలివాడు అందుకున్నాడు, చదివాడు, జవాబు ఆలోచిస్తున్నాడు, ఈలోగా అతని చేతిలో కాగితం మాయమైపోతుంది. రాయలకి, గజపతికి, 1872 నాటి చట్టానికి తెలియని కొత్త అధికారం ఇది. అర్ధరాత్రి కిందివాడిని తిట్టి తెల్లారేలోగా చెరిపేసే బాసుకి ఇది వరం. పొరపాటున ఆఫీసు గ్రూపులో పిల్లాడి జ్వరం సంగతి పెట్టేసిన తల్లికి కూడా వరమే, కాదనను. ఆ అధికారం ముందు ఎవరి చేతిలో ఉండేదో కూడా తెలుసుకోవాలి. 2018 ఏప్రిల్‌లో బయటపడింది, ఫేస్‌బుక్ మెసెంజర్‌లో మార్క్ జుకర్‌బర్గ్ పంపిన పాత మెసేజిలు కొన్ని, అందుకున్నవాళ్ళ ఇన్‌బాక్సుల్లోంచి వాళ్ళకి చెప్పకుండానే మాయమయ్యాయని. కంపెనీ ఒప్పుకుంది, 2014లో సోనీ పిక్చర్స్ ఈమెయిళ్ళు హ్యాక్ అయ్యాక జాగ్రత్త కోసం చేసామంది. అప్పటికి మామూలు జనానికి ఆ సౌకర్యం లేదు. గొడవయ్యాక అందరికీ ఇస్తామన్నారు, 2019 ఫిబ్రవరిలో 10 నిమిషాల గడువుతో ఇచ్చారు. గుడి గోడ ముందు తలొంచిన రాజులు నయం అనిపించింది నాకు.

పోనీ ఈ కొత్త డిలీట్ నిజంగా చెరుపుతుందా? కాసాండ్రా లాంటి డేటాబేసులతో పని చేసినవాళ్ళకి జవాబు తెలుసు. అక్కడ ఒక వరసని డిలీట్ చేస్తే అది వెంటనే పోదు. "ఇది పోయింది" అని ఇంకో రికార్డు రాస్తారు. దాని పేరు టూమ్‌స్టోన్, సమాధి రాయి. ఎందుకంటే డిలీట్ చేసిన సమయంలో ఏదో ఒక నోడు పడుకుని ఉంటే, అది లేచాక తన దగ్గరున్న పాత కాపీని అందరికీ పంచి చచ్చినదాన్ని బతికిస్తుంది. ఆ భయంతో మామూలుగా 10 రోజులు ఆ రాయిని అలాగే ఉంచుతారు. వాట్సప్‌లో కూడా మన డిలీట్ అనేది ఇంకో మెసేజే. "ఫలానా మెసేజి తీసేయవయ్యా" అని అవతలి ఫోన్లో ఉన్న యాప్‌ని అడుగుతుంది. యాప్ మాట వింటుంది. కానీ ఆ పక్కనే ఉన్న బ్యాకప్పు వినదు, స్క్రీన్‌షాట్ వినదు, 2020లో ఆండ్రాయిడ్ 11తో వచ్చిన నోటిఫికేషన్ హిస్టరీ వినదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఫోన్ పట్టుకున్న మనిషి వినడు. చదివి చింపేయవలెను అన్న పాత వాక్యమే మళ్ళీ వేరే వేషంలో వచ్చింది.

సింహాచలంలో స్వామి ఏడాది పొడుగునా చందనం కింద ఉంటాడు. అక్షయ తృతీయ నాడు ఒక్కరోజు ఆ పూత తీసి నిజరూపం చూపిస్తారు. కప్పినంత మాత్రాన లేకుండా పోలేదని మా ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాకే, ఇంత చదువుకుని, ఇన్ని టూమ్‌స్టోన్లు చూసి, తెలియలేదు.

2023లో నాన్నకి కొత్త ఫోన్ కొనిచ్చి, పాత ఫోన్లోంచి అన్నీ ఎక్కిస్తున్నాను. వరండాలో కూర్చున్నాం. ఆయన పనస తొనలు వలుస్తున్నారు. మా ఇద్దరి చాట్ పైకి జరుపుతుంటే ఆ బూడిద రంగు వాక్యం కనపడింది. తేదీ చూసి గుర్తుపట్టాను. ఏమీ ఎరగనట్టు జరిపేయబోయాను.

"అదా? అది నేను చదివేసాన్రా" అన్నారు, తల ఎత్తకుండానే.

"నీలం టిక్కులు పడలేదు కదా నాన్నా" అన్నాను. చూడండి, ఆ క్షణంలో కూడా నా నోట్లోంచి వచ్చింది టెక్నికల్ ప్రశ్నే.

"తెరవలేదు. ఫోన్ మీద పైన కనపడింది. తెరిచి చదివితే నీకు తెలిసిపోద్ది కదా, ఇబ్బంది పడతావని తెరవలేదు. పొద్దున్న లేచి చూస్తే నువ్వే తీసేసావు. సర్లే, తీసేసాడు కదా, మనకెందుకు అనుకున్నాను."

రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో ఎన్నిసార్లు ఫోన్ చేసి ఉంటాను, ఎన్ని పండగలకి వచ్చి ఉంటాను. ఒక్కసారి ఆయన మాటలో తేడా లేదు. నా ఫోన్లో ఆ మెసేజి లేదు కాబట్టి నా మనసులో కూడా లేదు. ఆయన ఫోన్లో లేదు గానీ ఆయన దగ్గరుంది. డిలీట్ కొట్టి నేను పోగొట్టింది తప్పుని కాదు, ఆ తప్పుకి క్షమాపణ అడగాల్సిన అవసరాన్ని. బటనుకి ముందు కాలంలో అయితే ఆ మాట అక్కడే ఉండేది, మర్నాడు పొద్దున్న చూసి సిగ్గుపడి ఫోన్ చేసేవాడిని. "నిన్న కోపంలో అనేసాను నాన్నా" అనేవాడిని. ఆ ఒక్క వాక్యం ఖర్చు లేకుండా బయటపడే దారి దొరికింది నాకు, రెండేళ్ళు ఆయన ఖర్చు మీద.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అన్నారు మన పెద్దలు. ఇన్ని శతాబ్దాలు తిరిగి చూసినా ఆ సామెతకి ఒక్క బగ్గు దొరకలేదు. రాయిలో, ఉత్తరంలో, తీగలో, సర్వరులో, ఎక్కడైనా సరే, అందిన మాట అందుకున్నవాడిదే. పంపినవాడి చేతిలో మిగిలేది ఇంకో మాట పంపడం ఒక్కటే. యాప్ ఆ రెండో మాటని "తీసేయి" అని మన తరఫున తనే పంపిస్తోంది. మనం పంపాల్సింది అది కాదు.

ఆ రోజు ఆలస్యంగానైనా ఆ రెండో మాట చెప్పాను. ఆయన విన్నారో లేదో కూడా తెలియనట్టు, ఓ తొన నా చేతిలో పెట్టి, "ఈ ఫోన్లో అక్షరాలు పెద్దవి చెయ్యొచ్చేంట్రా?" అని అడిగారు. చేసి పెట్టాను. ఇప్పుడు నేను పంపేవన్నీ ఆయనకి ఇంకా బాగా కనపడతాయి.